విప్పి మళ్ళీ చుట్టిన కాయిల్

పామర్రులో మాది మోటార్ల రిపేరు షాపు. బేరాలూ బిగింపులూ మా ఆయనవి, లోపల కూర్చుని రాగి తీగ చుట్టడం నాది. నేను చదివింది ఐదో తరగతి. అయినా రెండేళ్ళ క్రితం హైస్కూలు సైన్సు మాష్టారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "పది దాటేలా లేని పిల్లలు కొందరున్నారమ్మా. శనివారం మధ్యాహ్నాలు మీ దగ్గర కూర్చోబెట్టుకోండి. పని మీదన్నా మనసు పడితే బడి మానరు" అన్నారు. నలుగురు వచ్చారు. నెల తిరిగేసరికి ఒక్క ఆడపిల్ల మిగిలింది.

తండ్రి లేడు. తల్లి రొయ్యల షెడ్డులో పొట్టు ఒలిచే పనికి వెళ్తుంది. పిల్లకి కాలు ఒకచోట నిలవదు. కాయిల్ చుడుతూ కూడా మోకాలు ఆడిస్తూనే ఉండేది. చుట్లు లెక్కపెట్టేవాళ్ళని పలకరించకూడదని మా షాపులో కట్టడి. ఈ పిల్ల చుడుతూ తనే నన్ను పలకరించేది.

"లెక్క తప్పావే."

"తప్పలేదాంటీ. కావాలంటే విప్పి చూసుకో."

చూస్తే సరిగ్గానే ఉండేది. ఒళ్ళు మండేది కూడా.

మొత్తానికి పది గట్టెక్కింది. మాష్టారే ఐటిఐలో ఎలక్ట్రీషియన్ సీటుకి దరఖాస్తు పెట్టించారు. బుధవారం పొద్దున తల్లినీ సర్టిఫికెట్లనీ వెంటబెట్టుకుని విజయవాడ వెళ్ళాలి. పిలిచినప్పుడు పిల్ల ఎదురుగా లేకపోతే సీటు ఇంకొకరిది.

వాళ్ళకి తోడు వెళ్దామని ఆ రోజు ఏడింటికల్లా బస్టాండులో ఉన్నాను. వాళ్ళు రాలేదు. ఒక బస్సు వెళ్ళిపోయింది. ఫోను మోగుతుంది, ఎత్తరు. టీ తీసుకుని తాగకుండానే పారబోశాను. రెండో బస్సు కూడా కదిలేసరికి ఇక నిలబడలేక వాళ్ళింటికి నడిచాను. తాళం.

"ఇద్దరూ షెడ్డు వ్యానెక్కారుగా పొద్దున్నే" అంది పక్కింటావిడ.

ఆటో మాట్లాడుకుని షెడ్డు గేటు దగ్గర దిగి, గుమాస్తాని బతిమాలితే తల్లి బయటికొచ్చింది. చేతి తొడుగుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏంటమ్మా ఇది? ఇవాళ బుధవారం!"

"నాకు తెలుసక్కా. ఆడపిల్ల కరెంటు పని నేర్చుకుంటే రేపు ఎవరు పిలుస్తారు?"

"నన్ను పిలవట్లా?"

"నిన్నెక్కడ పిలుస్తున్నారు? మీ ఆయన్ని పిలుస్తారు. నువ్వు లోపలుంటావు."

షాపుకి వచ్చినవాళ్ళెవరైనా గుమ్మంలో నిలబడి "ఆయన లేరాండీ?" అనే అడుగుతారు. చుట్టింది నేనని ఎవరికీ తెలియదు. ఎప్పుడైనా చెప్పానా అంటే, నేనూ చెప్పలేదు.

అంతలో పిల్ల వచ్చింది, నెత్తిన షెడ్డువాళ్ళిచ్చే నీలం టోపీతో.

"అమ్మని అనకు ఆంటీ. నేనే వస్తానన్నా షెడ్డుకి."

"ఎందుకే?"

"శనివారం నేను చుట్టింది నువ్వు విప్పేశావు. మర్నాడు వచ్చినప్పుడు పాత రాగి సంచిలో నా తీగ చూశా. మొహం మీద బ్రహ్మాండంగా ఉందన్నావుగా? నువ్వే దాచిపెట్టావంటే నాకు రాదనేగా!"

నిజమే. ఎవరిదో ఇంటి మోటారు. పిల్ల వెళ్ళాక లెక్కపెడితే నాలుగు చుట్లు తక్కువొచ్చాయి. అలాగే ఇస్తే వేడెక్కి కాలిపోతుంది. బుధవారం పెట్టుకుని పిల్ల మనసు చిన్నబుచ్చడం ఎందుకని విప్పేసి, కొత్త తీగతో నేనే చుట్టి ఇచ్చేశాను. మంచి పనే చేశాననుకున్నాను.

"నాలుగు చుట్లు తక్కువేశావే. చెప్పడానికి నోరు రాలేదు."

"నాలుగేనా?"

"నాలుగే."

"చెబితే మళ్ళీ చుట్టేదాన్నిగా!" అని గేటు దద్దరిల్లేలా అరిచింది. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. టోపీ లాగి తల్లి చేతిలో పెట్టింది. తల్లి కూతురి వంక చూసి, నా వంక చూసి, తొడుగులు ఊడదీసింది.

"సర్టిఫికెట్లు ఇంట్లో ఉన్నాయి. ముందు అటు పోనీయమను ఆటోని."

విజయవాడ చేరేసరికి పదకొండు దాటింది. దారి పొడుగునా బస్సు కిటికీ ఊచ పట్టుకుని ఎన్ని పేర్లు పిలిచేశారోనని లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. మేం వరండాలో కాలు పెట్టేసరికి ఈ పిల్లకి ముందు ఇంకా ఇద్దరున్నారు. లోపల బల్ల వెనకాలాయన కాగితం చూసి, "ఎలక్ట్రీషియనేనా? ఆలోచించుకున్నావా?" అన్నాడు.

"ఆలోచించుకునే వచ్చానండీ" అంది. తల్లి సంతకం పెట్టింది. సీటు వచ్చింది.

తిరుగు బస్సులో తల్లి కూర్చున్న చోటే నిద్రపోయింది. పిల్ల నా పక్కన కూర్చుని మోకాలు ఆడిస్తూ, "ఆంటీ, ఇంకెన్ని దాచావు?" అంది.

"ఏంటే?"

"నా తప్పులు. మొదటి శనివారం నుంచీ చెప్పు."

అన్నీ గుర్తున్నాయి నాకు. ఏ శనివారం ఏ తీగ పొర గీరుకుపోయిందో, ఏ కాయిల్ తిరగేసి కూర్చిందో, ఏది నేను సర్ది ఊరుకున్నానో. కంకిపాడు దగ్గర మొదలుపెట్టాను. ఒక్కోదానికి "అవునా", "అది నేను కాదు", "సరే, తర్వాత" అంటూ వింది. ఉయ్యూరు దాటినా అయిపోలేదు.