ఊపిరి కోసం బోర్లా తిప్పిన మధ్యాహ్నం

కరోనా రెండోసారి విజృంభించిన ఎండాకాలంలో మేము సూరత్‌లో అమ్రోలి దాటాక చెరకు తోటల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఒకే వరుసలో ఆరు గదులు, అన్నిట్లోనూ మరమగ్గాల మీద పనిచేసే మనవాళ్ళే. చివరి గదిలో మామ ఒక్కడే ఉండేవాడు. మాకు చుట్టం కాదు, కరీంనగర్ వైపువాడని అలా పిలిచేవాళ్ళం. భార్యాపిల్లలు సొంతూళ్ళోనే ఉన్నారు.

ఆయనకు జ్వరం వచ్చిన ఐదో రోజు మధ్యాహ్నం అన్నం గిన్నె గడప దగ్గర పెట్టి పిలిస్తే పలకలేదు. కిటికీలోంచి చూశాను. గోడకానుకుని, నోరు తెరిచి, ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తున్నాడు. మా వరుసలో గుజరాతీ బాగా వచ్చింది ఇక్కడే పుట్టి పెరిగిన నాకే. 108కి ఫోన్ చేశాను. బండ్లన్నీ తిరుగుతున్నాయని, గంటైనా పట్టొచ్చని అవతలి అమ్మాయి చెప్పింది. అందాకా ఆయన్ని బోర్లా పడుకోబెట్టమంది.

ఆ మాట గడప బయటి నుంచే మామకు చెప్పాను. ఆయన లేవబోయి చెయ్యి ఎత్తి, మళ్ళీ వదిలేశాడు. ఎవరో ఒకరు లోపలికి వెళ్ళాలి. మా ఆయన పాపను ఎత్తుకుని నా వైపు చూశాడంతే. నేను రోడ్డు మలుపు దాకా వెళ్ళాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. బండి కోసమని నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఆ గది ముందు నిలబడలేకే తిరిగాను.

మూడోసారి వచ్చేసరికి పక్క గది వదిన పాత చీర ముక్క ముక్కుకు కట్టుకుంటోంది. నల్లా నీళ్ళ దగ్గర గొడవై మా ఇద్దరికీ నాలుగు నెలలుగా మాటల్లేవు.

"నా ఒక్కదానితోని కాదు. నువ్వు కాళ్ళు పట్టు," అని నా మొహం చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

నేనూ కొంగు మూతికి చుట్టుకుని వెళ్ళాను. మామ ఒళ్ళు కాలిపోతోంది. ఇద్దరం కలిసి బోర్లా తిప్పి, ఛాతీ కింద దిండు పెట్టాం. బండి వస్తోందని, నిమ్మళంగా ఊపిరి తీసుకొమ్మని వదిన చెబుతూనే ఉంది. నాకేమో గోడలన్నీ దగ్గరికి జరుగుతున్నట్టుంది.

ఎట్టకేలకు సైరన్ వినిపించింది. కానీ ఊరి మొదట్లోనే ఆగిపోయింది. బయటివాళ్ళు రాకుండా అక్కడ వెదురు బొంగులు అడ్డం కట్టారు. పరుగెత్తాను. కాపలా ఉన్న ఇద్దరూ బయటివాళ్ళ కోసం రోగం బండి ఊళ్ళోకి రావద్దంటున్నారు. ఎంత బతిమాలినా వినలేదు. ఇంతలో మా ఇంటి యజమానురాలు, మేమంతా బా అని పిలిచే ముసలామె, గేదెలకు గడ్డి కోసే కొడవలితో వచ్చింది. రెండేళ్ళుగా నా ఇంట్లో ఉంటున్నవాడు బయటివాడెట్లా అయ్యాడని గుజరాతీలో అడుగుతూనే తాళ్ళు కోసేసింది. కాపలావాళ్ళలో ఒకతను మూతికి రుమాలు కట్టుకుని, మా వెంట వచ్చి స్ట్రెచర్ ఒక కొస పట్టాడు.

తర్వాత పద్నాలుగు రోజులు మేమెవరమూ మా గదుల వరుస దాటలేదు. గోడ అవతల ఎవరు దగ్గినా లేచి కూర్చునేదాన్ని. నాలుగో రోజు వదినకు జ్వరం వచ్చింది, మూడు రోజుల్లో తగ్గింది. ఆ మూడు రోజులూ ఆమె తలుపు ఎన్నిసార్లు తట్టానో లెక్కలేదు.

మామ బతికాడు. ఆసుపత్రి నుంచి సగమై వచ్చి, కాస్త కోలుకున్నాక సొంతూరికి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి ఒకరోజు ఫోన్ చేశాడు.

"నువ్వు లేకుంటే నేను లేను బిడ్డా."

"మొదలు లోపటికి అచ్చింది వదిన, మామా. నేను వాకిట్ల తిరుగుకుంట ఉన్న."



"తర్వాతనన్న అచ్చినవ్ గద," అన్నాడు.

ఫోన్ పట్టుకెళ్ళి వదిన చేతికిచ్చాను.