ఆవిడ అనని పేరు

పాడ్‌కాస్టులు తయారుచేసే పనిలో పడ్డాక నాకు చెవులు బాగుపడ్డాయి, నోరు పాడైంది. ఒకప్పుడు ఎవరినీ తిట్టేదాన్ని కాదు. ఇప్పుడు మా విశాఖ స్టూడియో యజమాని తలపుకొస్తేనే ఒళ్లు మండుతుంది.

నేను రాజాంలో కాలేజీ పిల్లలకి గొంతులతో కథ చెప్పడం కూడా నేర్పుతాను. మొదటి పాఠం ఒక్కటే: మనిషి అన్నది ఉంచండి, అననిది అతికించకండి. కోటబొమ్మాళి నుంచి వచ్చే ఒక అమ్మాయి, చనిపోయిన తండ్రి గురించి తల్లిని మాట్లాడించి రికార్డు చేసి తెచ్చింది. ఆయన ధాన్యం బస్తాలు మోసిన రోజులు, అలిగి అన్నం మానేసిన రోజులు, అన్నీ చెప్పిందావిడ. పేరు మాత్రం ఎక్కడా లేదు. మొదట్నుంచీ "మా మనిసి", అంతే. మా వైపు ఆ వయసు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషను షాపులో అడిగినా పక్కనున్నవాళ్లే అందిస్తారు.

"వినేవాళ్లకి పేరు కావాలండీ. మళ్లీ వెళ్లి అనిపించండి," అన్నాడు యజమాని, ఆ రికార్డింగుని ఎపిసోడ్‌గా చేద్దామని నేను వినిపిస్తే.

"ఆవిడ అనదు. ముందుమాటలో నేను చెబుతాను."

"అబ్బే, భార్య నోట వస్తేనే ఫీల్."

గొంతులమ్ముకుని బతికేవాడికి ఇంత చెవుడేమిటో! ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చివరికి "సరే, మీ ఇష్టం," అన్నాడు. ఒక్క ముక్క కూడా మారదని ఆవిడకి మాటిచ్చాను.

ఎపిసోడ్ వచ్చిన రోజు వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద ఆవిడ, ఆవిడ అత్తగారు, ఇరుగుపొరుగు. కూతురు ఫోనులో పెట్టింది. సగం అయ్యేసరికి ఆవిడ గొంతు మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది, ఎక్కడా తడబడకుండా. ఆ దొంగవెధవ ఆవిడ గొంతును కంప్యూటరుకి నేర్పించి, పేరు పలికించి అతికించాడు.

అత్తగారు కోడలి వంక తిరిగింది. "ఏటే, నా కొడుకుని పేరెట్టి పిలుస్తన్నావేటి?"

"నేనన్నేదత్తా."

"నీ గొంతే గదే!"

అది కంప్యూటరు పలికిందని నేనెంత చెప్పినా ముసలామె నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? అక్కడే యజమానికి ఫోను చేసి, నోటికొచ్చినట్టు తిట్టి, ఎపిసోడ్ తీయించి, నీ పని నాకొద్దన్నాను. "ఇంత చిన్నదానికా?" అన్నాడు.

ఆవిడ నా మొహం చూడలేదు.

"బతికున్నన్నాళ్లూ అన్నేదమ్మా," అంది. "సచ్చినాక నా సేత అనిపించీసినారు."