మబ్రూకా ఇంటి మసిగోడ

రాయచోటి ఖైరున్‌బీ కువైట్ సిటీలో ఊడ్చే ఇంట్లో ఎవరూ కాపురం లేరు. ఒకప్పుడు అది మబ్రూకాది. జాంజిబార్ నుంచి పడవలో తెచ్చి అమ్మేసిన బానిస కడుపున పుట్టిన నల్లావిడ. వంటింట్లో బఖూర్ కాచి, ఆ సువాసన చెక్కలను పాత సూక్ బజారులో నేలమీద పరిచి అమ్మి, చివరికి దుకాణాలకే యజమానురాలైంది. ఆమె మనవడు ఖైరున్‌బీకి కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. 1983లో ఆ ఇంటిని మ్యూజియం చేయడానికి పూనుకున్నాడు.

రంజాన్‌కు ముందు ఇంటికి సున్నం కొట్టడం ఖైరున్‌బీకి చిన్నప్పటి అలవాటు. కఫీల్ ఊళ్లో లేడు. మేస్త్రీలు వదిలేసిన సున్నం ముంగిట్లో ఉంది. వంటింటి గోడ నిలువెల్లా మసి. రెండు పూతలు వేసేసింది.

కఫీల్ కారు నడిపే మహబూబ్ బాషాదీ రాయచోటే. లోపలికొచ్చి తల పట్టుకున్నాడు.

"ఏం పని చేస్తివక్కా! ఎవురు చెప్పినారు నీకు?"

"ఒకరు చెప్పల్లనా? పండగొస్తాంటే గోడ అట్టనే పెట్టుకుంటారా?"

"ఆ మసే గదక్కా వాళ్లు జనానికి చూపియ్యాల్సింది! ముసలామె పొయ్యి ముందర కూసోని సంపాదిచ్చిన మసి. ఆయప్ప చూసినాడంటే నీ ఇఖామా ఖలాస్."

ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు వచ్చే నెలతో సరి. అది పోతే విమానం ఎక్కించేస్తారు. ఊళ్లో మంచాన పడ్డ మొగుడికి మందులు ఆమె జీతంతోనే.

ఇద్దరూ సున్నం గీకారు. దాంతోపాటే పాత మసీ ఊడొచ్చింది. గోడ పక్కన కట్టెలు, టైరు ముక్కలు కాల్చి మళ్లీ నల్లబరిచారు. తిరిగొచ్చిన కఫీల్ పసిగట్టలేదు.

వారం తర్వాత మబ్రూకా కూతురు కర్ర ఊతంతో కఫీల్ వెంట వచ్చింది. ఆ వంటింట్లోనే పెరిగిన మనిషి. గోడకు అరచెయ్యి ఆనించి, వేళ్లు చూసుకుంది.

"మా అమ్మ గోడ చేతికి అంటేది కాదు. ఎవరు చేశారిది?"

"నాకు తెలీదు మామా," అంది ఖైరున్‌బీ, అక్కడి పనివాళ్లు ఇంటి పెద్దావిడను పిలిచే మాటతో.

కఫీల్ ఆమెను ఎగాదిగా చూశాడు. అంతలోనే మేనత్త వైపు తిరిగాడు. "ప్రారంభోత్సవానికి పిలుపులు వెళ్లిపోయాయి అత్తా. అడ్డంగా తాడు కట్టిస్తాను, ఎవరూ ముట్టుకోరు."

ముసలామె చెయ్యి తుడుచుకోకుండానే వెళ్లిపోయింది. ప్రారంభానికి రాలేదు.

ఇఖామా పొడిగిస్తూ ముద్ర పడింది. తాడు అవతల నిలబడి గైడు "ఇది ఆమె కష్టం మిగిల్చిన మసి" అని చెప్పడం మొదలుపెట్టగానే ఖైరున్‌బీ బక్కెట్ తీసుకుని ముంగిట్లోకి పోయేది.