వైరు కొస

నాకు కోపం ఎక్కువ. కోనసీమలో ఉన్నప్పుడూ అంతే, కువైట్ వచ్చి పద్నాలుగేళ్ళయినా అంతే. ఎవరైనా నా పనికి వంక పెడితే ఒళ్ళు మండిపోతుంది. ఇన్నేళ్ళలో నేను నోరు మూసుకుని తిట్లు తిన్నది ఒక్క మనిషి దగ్గరే. ఆయన మా యార్డు ఉస్తాద్, అంటే పెద్ద మేస్త్రీ. ఆయనకూ నాకూ ఎక్కడ చెడిందో రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాసిన ప్రతిసారీ అందులో నేను మంచివాడిలా కనిపించాను. చింపేశాను.

మా యార్డు అమ్ఘరాలో, పాత ఇనుము దుకాణాలు దాటాక వస్తుంది. కట్టబోయే ఇళ్ళకు రాడ్లు కోసి, వంచి, పిల్లర్లకు చట్రాలు కట్టి లారీలకెక్కించడం మా పని. ఉస్తాద్ పాలస్తీనా మనిషి. పుట్టింది మాత్రం ఇక్కడే, హవల్లీలో. ఆయన కుర్రతనంలో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి వెళ్ళాక, పాలస్తీనా నాయకులు ఇరాక్ పక్షాన మాట్లాడారన్న కువైట్ వాళ్ళ కోపం హవల్లీలోని పాలస్తీనా వాళ్ళందరి మీదా పడింది. వీళ్ళ కుటుంబం సామాను సర్దుకుని జోర్డాన్‌లోని అమ్మాన్ వెళ్ళిపోయింది. చెల్లెల్ని గాజాలో ఇచ్చారు. ఈయన పదేళ్ళ తర్వాత జోర్డాన్ పాస్‌పోర్టు మీద, పుట్టిన ఊరికే పనివాడిగా తిరిగొచ్చాడు. ఇండియా వాళ్ళతో పనిచేసి చేసి హిందీ పట్టుబడింది. సగం హిందీ, సగం అరబ్బీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం.

రింగునీ రాడ్డునీ కలిపి బైండింగ్ వైరుతో ముడి వెయ్యడం ఎవరికైనా వస్తుంది. కొక్కెం పెట్టి రెండు తిప్పులు తిప్పితే బిగుస్తుంది. ఉస్తాద్ దగ్గర ఇంకో పని మిగిలేది. వైరు కొసని చట్రం లోపలికి మడవాలి. కొత్తలో నేను విసుక్కున్నాను, రోజుకి వందల ముడులు, కొసలు మడుస్తూ కూర్చుంటే లారీ ఎప్పుడు నిండుతుందని. ఆయన నా ముంజేయి పట్టుకుని, నేను కట్టిన చట్రం మీద పైనుంచి కింది దాకా గీకించాడు. నెత్తురొచ్చింది.

"నీ తర్వాత దీని మీద చెయ్యి వేసేవాడు ఎవడో నీకు తెలియదు. వాడికి జవాబు చెప్పాల్సింది నువ్వే," అన్నాడు.

ఆ రోజు నుంచి మడిచాను. ఎప్పుడైనా మర్చిపోతే యార్డు ఆ చివరి నుంచి కేకేసేవాడు. ఆ కేక విని లారీ డ్రైవర్లు నవ్వేవాళ్ళు.

అదే ముడి గాజాలోని మేనల్లుడికీ ఫోన్‌లో చూపించి నేర్పాడు. అతను పర్మిట్ మీద సరిహద్దు దాటి ఇజ్రాయెల్‌లో మేడలకు రాడ్లు వంచేవాడు. గాజా నుంచి కొందరు సరిహద్దు దాటి ఇజ్రాయెల్ మీద దాడి చేసిన ఆ అక్టోబరుతో పర్మిట్లు పోయాయి. చలికాలంలో ఇంటి మీద బాంబు పడింది. నీళ్ళకి వెళ్ళిన చెల్లెలు బతికింది. మేనల్లుడు స్లాబు కింద ఉండిపోయాడు. ఎత్తడానికి యంత్రం దొరకలేదు. ఎవరో పంపిన ఆ శిథిలాల వీడియోని ఉస్తాద్ పెద్దది చేసి చేసి చూసేవాడు. ఏడుస్తాడేమోనని పక్కన నిలబడితే, విరిగిన పిల్లరు మీద వేలు పెట్టి, "చూడు, రింగులు ఎంత దగ్గరగా వేశాడో. ఇల్లు సరిగ్గానే కట్టుకున్నాడు," అనేవాడు. నేను వెళ్ళి టీ తెచ్చి ఇచ్చేవాణ్ణి.

ఆ తర్వాతి ఎండాకాలం మా బావమరిది ఫోన్ చేశాడు. మా వైపు సెంట్రింగ్ పనులకు వెళ్తుండేవాడు. గాజా వాళ్ళు పోయి ఖాళీ అయిన పనుల్లోకి ఇజ్రాయెల్ మన దేశం నుంచి మనుషుల్ని తీసుకుంటోందని, రాడ్ బెండింగ్ పరీక్ష పెడతారని చెప్పాడు.

"బావా, మీ ముసలాయన చేత ఓసారి చెప్పించవా? ఆయన కట్టే ముడి మా బాగుంటాదని నువ్వే అన్నావు కదేంటి," అన్నాడు.

నేను కుదరదన్నాను. అక్కడే ఉన్న నా భార్య వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "మావోడికి ఇదొక్కటీ చేసిపెట్టండి. వాడేవన్నా తుపాకీ పట్టుకెళ్తన్నాడేంటండీ? రాడ్లు వంచుకోడానికేగా," అంది. సరే, అడుగుతానన్నాను. నేను కువైట్ వచ్చినప్పుడు నా చోటు అంతకు ముందు ఎవరిదని నేనూ అడగలేదు.

నా గదిలోనే ఉండి, మా యార్డులోనే క్రేన్ నడిపే కడప ఆయన ఒకడున్నాడు. విషయం చెబితే గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఆ దేశం పేరు ఈడ నోటికి రానీయొద్దు సామీ. ఈడ ఉండే ఇఖామా కాయితం పీకేసి ఇమానం ఎక్కిస్తారు. దుబాయ్ అని సెప్పు, ఏం పోతాది?" అన్నాడు. నిజమే, ఏం పోతుంది అనుకున్నాను. దుబాయ్ పనికి పరీక్ష అనే ఉస్తాద్‌కి చెప్పాను.

ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని చేయించకూడదని రూలు. ఆ వేళ అందరం షెడ్డులో కూలర్ ముందు పడి ఉంటాం. ఉస్తాద్ వారం రోజులు ఆ నిద్ర మానుకుని, రాడ్ ముక్కలు ముందేసుకుని ఫోన్ ఎదుట కూర్చున్నాడు. అటువైపు మా బావమరిది ఇంటి చూరు కింద, వెనక వాన. వాడికి హిందీ రాదు, ఈయనకి తెలుగు రాదు. చేతులతోనే నడిచింది. తప్పు చేస్తే ఈయన ఇక్కడ తల కొట్టుకునేవాడు, అది చూసి వాడు అక్కడ చెవులు పట్టుకునేవాడు. చివరి రోజు వాడు కట్టిన చట్రం చూసి ఉస్తాద్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"వీడి చేతులు మా వాడి చేతుల్లాగే ఉన్నాయి," అన్నాడు.

చెప్పాల్సింది అప్పుడే. కూలర్‌లో నీళ్ళు అయిపోయాయని లేచి వెళ్ళాను.

బావమరిది పరీక్ష నెగ్గాడు, వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గురుదక్షిణ అంటూ, సెలవు నుంచి తిరిగొస్తున్న మా ఊరాయన చేత ఉస్తాద్‌కి పూతరేకుల డబ్బా పంపాడు. విద్య చెప్పినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతే మనకి నిద్ర పట్టదు. ఎందుకు నేర్చుకున్నామో దాచితే మాత్రం హాయిగా పడుతుంది. డబ్బా నేనే ఇచ్చాను. ఉస్తాద్ ఒకటి విప్పి తింటే మీసం నిండా పంచదార పొడి. మిగిలినవి భార్యకి రుచి చూపించాలని హవల్లీ పట్టుకెళ్ళాడు. అప్పటి నుంచి నెలకోసారైనా, "దుబాయ్‌లో నా శిష్యుడు బాగున్నాడా?" అని అడిగేవాడు. బాగున్నాడనేవాణ్ణి. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఏడాది గడిచింది. మళ్ళీ ఎండాకాలం, మళ్ళీ షెడ్డు. ఒక మధ్యాహ్నం కడప ఆయన ఫోన్‌లో వార్తలు చూస్తూ, "రెండు పక్కలా సంపుకుంటానే ఉండారు. తప్పు ఎవురిదని సెప్పాల?" అన్నాడు. ఏమంటున్నాడని ఉస్తాద్ అడిగితే హిందీలో చెప్పాను. వద్దనుకుంటూనే చెప్పాను.

ఉస్తాద్ లేచి కూర్చున్నాడు. "ఆ అక్టోబరు పొద్దున వాళ్ళ ఇళ్ళల్లో దూరి ముసలివాళ్ళనీ పిల్లల్నీ చంపినవాళ్ళు నా పేరు చెప్పి చంపారు. నన్ను అడగలేదు. వాళ్ళు జవాబు చెప్పాల్సిందే, నేను వెనకేసుకురాను. కానీ ఆ జవాబు మా చెల్లెలి ఇంటిని అడిగారు. హవల్లీలో మా నాన్ననీ ఇలాగే అడిగారు. ఎవడో ఎక్కడో అన్న మాటకి ఆయన ఇల్లు ఖాళీ చేశాడు."

"మరి ఆపక్క జనం? ఓట్లేసినోళ్ళు?" కడప ఆయన వదల్లేదు. అదీ హిందీలో చెప్పాను.

"బాంబు వేసినవాడు జవాబు చెప్పాలి, వెయ్యమన్నవాడు చెప్పాలి, బాంబులు అమ్మినవాడు చెప్పాలి. ఓటేసినవాడు తనకి తాను చెప్పుకోవాలి. రొట్టె కాల్చుకునేవాడి ఇల్లు కూల్చమని నేను అనను."

నాకు ఒళ్ళు మండింది. ఆ శాంతం నాకు నచ్చలేదు. "ఇంత జరిగాక కూడా నీకు కోపం రాదా ఉస్తాద్?" అన్నాను.

"రోజూ వస్తుంది. ఎవరెవరు చావాలో మనసులో అనుకుంటూ పోతాను. అలా పోగా పోగా పిల్లల దాకా వస్తుంది. అప్పుడు లేచి మొహం కడుక్కుంటాను."

నేను అడగకుండా ఉండాల్సింది. కానీ ఏడాదిగా దాచుకున్న ప్రశ్న అది. ఇంత మంచి మాటలు చెబుతున్నాడు కదా, దీనికీ ఒక మంచి మాట చెబుతాడని ఆశ పుట్టింది.

"అక్కడికి కూలికి వెళ్ళినవాడి సంగతి?"

ఉస్తాద్ నవ్వాడు. "మా మేనల్లుడూ వెళ్ళాడుగా. వాళ్ళ మేడలే కట్టాడు. పిల్లల ఆకలికి వెళ్ళినవాణ్ణి నేనేమంటాను?"

నా గుండె మీంచి బస్తా దింపినట్టయింది. క్షమ దొరికిపోయిందనుకున్నాను. కడప ఆయన వద్దని కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు, అయినా మొత్తం చెప్పేశాను. దుబాయ్ కాదని, బావమరిది ఉన్నది ఇజ్రాయెల్‌లోనని, ఆ పరీక్ష అందుకేనని. బాగా చెప్పానని కూడా అనుకున్నాను.

ఉస్తాద్ నవ్వు ఒక్కసారిగా పోలేదు. మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

"ఫోటో ఉందా?" అన్నాడు.

ఉంది. బావమరిది పంపిన ఫోటో, వాడు కట్టిన పిల్లరు చట్రం. ఉస్తాద్‌కి చూపించు బావా అని వాడు పంపింది, ఏడాదిగా నేను దాచింది. ఇచ్చాను. ఆయన దాన్ని, ఆ శిథిలాల వీడియోని చూసినట్టే, పెద్దది చేసి చూశాడు. ఒక్కో ముడీ చూశాడు.

"కొసలు లోపలికే మడిచాడు," అన్నాడు.

"నీ శిష్యుడు కదా," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నా నోట్లోంచి, ఇప్పటికీ తలుచుకుంటే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆయన ఫోన్ తిరిగిచ్చాడు. "వాడి మీద నాకేం లేదు. వాడికి తెలియదు. నీకు తెలుసు. మా వాడు స్లాబు కింద ఉన్నాడని తెలుసు, నీ బావమరిది వెళ్ళేది మా వాడు చేసిన పనికేనని తెలుసు, ఆ పనికి నా చేతులు వాడుకున్నావు. నన్ను అడగలేదు."

"చెబితే నేర్పేవాడివి కాదేమోనని..."

"నేర్పేవాణ్ణేమో. కాదేమో. అది తేల్చుకోవాల్సింది నేను. నా బదులు నువ్వు తేల్చేశావు."

ఆ పూతరేకుల్లో ఒకటి మేనల్లుడి ఫోటో ముందు కూడా తన భార్య పెట్టిందని చెప్పాడు. తిట్టినట్టు కాదు, మామూలుగా చెప్పాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలుగయ్యేసరికి అందరికంటే ముందు లేచి పనిలోకి వెళ్ళాడు.

ఆ రాత్రి నా భార్యకి ఫోన్‌లో చెబితే, "మనవేవన్నా దొంగతనం చేసేమేంటండీ? ఆయనెందుకంత ఇదైపోడం?" అంది. నాకు ఆవిడ మీద అరవాలనిపించింది. అరిచాను కూడా. ఆవిడ అన్నదే ఏడాదిగా నేను నాకు చెప్పుకున్నదని తెలిసే అరిచాను. మధ్యలో బావమరిది ఫోన్ వచ్చింది. సైరన్ మోగితే మేడ కింద గదిలోకి పరిగెత్తామని, ఇప్పుడే బయటికొచ్చామని, భయం వేస్తోందని చెప్పాడు. వాడికి ధైర్యం చెప్పాను. అక్కడికి వాణ్ణి పంపిన వాళ్ళలో నేనూ ఒకణ్ణని వాడితో అనలేకపోయాను.

ఉస్తాద్ నాతో మాట్లాడడం మానలేదు. ఏ రాడ్డు ఎంత కొయ్యాలో చెబుతాడు. సలాం అంటే సలాం అంటాడు. టీ ఇస్తే తాగుతాడు. శిష్యుడు ఎలా ఉన్నాడని మాత్రం మళ్ళీ అడగలేదు. నేను పని తప్పు చేసినా కేకెయ్యడం లేదని గ్రహించడానికి నాకు చాలా రోజులు పట్టింది. మొదట నా పని బాగుపడిందేమో అనుకున్నాను.

అనుమానం తీరక, ఒకరోజు కావాలనే ఒక చట్రంలో ఛాతీ ఎత్తున ఒక కొసని బయటికి వదిలేశాను. దాన్ని తీసుకెళ్ళి ఆయన నడిచే దారిలో నిలబెట్టాను. నేను నాలుగడుగుల దూరంలో రాడ్లు సర్దుతున్నట్టు నిలబడ్డాను. కేకేస్తాడని, పది మంది ముందు బూతులు తిడతాడని, నా ముంజేయి పట్టుకుని మళ్ళీ గీకిస్తాడని చూస్తున్నాను.

ఆయన వచ్చాడు. ఆ కొసని చూశాడు, నన్నూ చూశాడు. జేబులోంచి కొక్కెం తీసి, తనే దాన్ని లోపలికి మడిచి, వేలితో తడిమి చూసుకుని, ముందుకి వెళ్ళిపోయాడు.