సారు టీ ఇప్పిస్తే

నేను టీ ఇప్పిస్తానంటే మా శిక్షణ కేంద్రం పిల్లలు దణ్ణం పెట్టి పారిపోతారు. "వద్దు సార్, మీ టీ మాకొద్దు" అని ఒకటే నవ్వులు. ఆ భయం వాళ్ళకి పెట్టింది నేనే.

సైన్యంలో సుబేదారుగా రిటైరై వచ్చాక పటమటలో ఈ ప్రభుత్వ కేంద్రాన్ని నాకు అప్పగించారు. పోలీసు ఉద్యోగాలకీ సైన్యానికీ వెళ్ళాలనుకునే పల్లెటూరి పిల్లలకి పరుగు, కవాతు, చదువు నేర్పించడం మా పని. ప్రతి బ్యాచికీ మొదటి రోజునే ఒక సంగతి చెబుతాను. నేను కొత్తగా చేరినప్పుడు సరిహద్దు కొండల మీదికి ఇళ్ళ నుంచి టెలిగ్రాములు వచ్చేవి. చెడ్డ కబురైతే మా పెద్ద సుబేదారు దాన్ని జవాను చేతికి ఇచ్చేవాడు కాదు. అతన్నీ, అతనితో జోడీగా ఉండే జవాన్నీ గుడారంలోకి పిలిచి, కూర్చోబెట్టి, ముందు టీ తెప్పించేవాడు. గ్లాసు సగం అయ్యాకే నోరు విప్పేవాడు. మా అమ్మ పోయిందని నేను విన్నది అలాగే. ఇప్పటికీ అల్లం వేసిన టీ వాసన తగిలితే ఆ గుడారమే గుర్తొస్తుంది.

అందుకే మా కేంద్రంలో ఒక నియమం పెట్టాను. ఫలితాలకి రెండు రోజుల ముందే ఫోన్లు ఆపెయ్యాలి. ఎవరూ ఒంటరిగా చూసుకోకూడదు. చేరినప్పుడే కట్టిన తమ జోడీని పక్కన పెట్టుకుని నా నోటి నుంచే వినాలి.

టీ కథ నవ్వుతూ చెబుతాను గానీ, నియమం వెనక ఉన్న అసలు సంగతి మాత్రం పిల్లలకి చెప్పను. మా మొదటి బ్యాచిలో ఒక కుర్రాడు గవర్నర్‌పేటలో లాడ్జి గది తీసుకుని, ఫలితాన్ని ఫోన్లో ఒక్కడే చూసుకున్నాడు. ఉద్యోగం రాలేదు. లాడ్జివాళ్ళు తలుపు పగలగొట్టేసరికి ప్రాణం లేదు. ఫిరంగుల మోతలో గుర్రుపెట్టి నిద్రపోయినవాణ్ణి నేను. అప్పటినుంచి ఫలితాల ముందు రాత్రి నాకు కన్ను మూతపడదు.

నిజం చెప్పాలంటే ఆ నియమాన్ని ఎవరూ పాటించరు. దుప్పటి ముసుగులో అన్నీ చూసేసుకుని, నా ముందుకొచ్చి ఏమీ తెలియనట్టు మొహాలు పెడతారు. నేనూ తెలియనట్టే ఉంటాను. నా దగ్గరికంటూ వస్తున్నారు కదా, అది చాలనుకుంటాను.

మొన్నటి వానాకాలంలో కానిస్టేబుల్ ఫలితాలు సోమవారం అన్నారు. ఆదివారం మధ్యాహ్నమే పెట్టేశారు. ఉన్నపళంగా కేంద్రానికి రమ్మని వాట్సాప్ గ్రూపులో అందరికీ కబురు పెట్టాను. అందరూ వచ్చారు, ఒక్క అమ్మాయి తప్ప. మైలవరం దగ్గర పల్లె వాళ్ళది, తండ్రి మామిడితోటల్లో కూలి పని చేస్తాడు. పరుగులో బ్యాచికంతటికీ ముందుండే పిల్ల. జాబితా పైనుంచి కిందిదాకా మళ్ళీ మళ్ళీ చూశాను, ఆమె పేరు లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

అంతలో తండ్రి నుంచి ఫోన్. "నమస్కారమండీ సార్. అమ్మాయి ఫోను నిన్నటి నుంచి కలవట్లేదండీ. పేరు లేదంట గదండీ, పక్కింటి కుర్రోడు చూసి చెప్పాడు. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, పిల్ల కనపడితే చాలండీ."

"ఇక్కడే ఉందండీ, కాసేపట్లో మాట్లాడిస్తాను" అనేశాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. బస్సెక్కుతున్నానని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆమె జోడీ కూడా ఆమె ఉండే హాస్టల్లోనే, ఆమె గదిలోనే ఉంటుంది. ఆ పిల్లని నిలదీశాను.

"పొద్దున చర్చికెళ్ళొచ్చింది సార్. మళ్ళీ సైకిలేసుకుని ఎటో పోయింది" అని, కాసేపు నసిగి, "ఉద్యోగం రాకపోతే ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోవాలే అంది సార్, రాత్రి" అంది.

"ఆ మాట రాత్రే నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. పాపం, ఆ పిల్ల భోరుమంది. నా కోపమంతా భయమేనని ఆమెకేం తెలుసు?

ఆమెని స్కూటరు వెనక ఎక్కించుకుని గవర్నర్‌పేట పోయాను. ఎందుకంటే చెప్పలేను, బండి అటే తిరిగింది. ఆ లాడ్జి మెట్లెక్కి, ఆడపిల్ల ఎవరైనా ఒంటరిగా గది తీసుకుందా అని అడిగితే, కౌంటరు దగ్గరున్న మనిషి నన్ను ఎగాదిగా చూసి లేదన్నాడు. పక్క లాడ్జిలోనూ అదే మాట. కిందికి దిగాక జోడీ పిల్ల నా మొహం చూడకుండా మెల్లగా అంది: "సార్... మనం పరిగెత్తే కాలవ కట్ట..."

ఆ మాట నా మనసులోనూ అప్పటినుంచీ తిరుగుతూనే ఉంది. పైకి అనడానికి ధైర్యం చాల్లేదు, అంతే.

మా గ్రౌండు ఏదో ఎగ్జిబిషన్‌కి ఇచ్చేయడంతో ఆ మధ్య బందరు కాలువ కట్ట మీదే పరుగు ప్రాక్టీసు పెట్టాను. మేము వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. కాలువ నిండా ఎర్రటి నీళ్ళు, మంచి వడి మీద ఉన్నాయి. కట్ట మీద తుమ్మచెట్టుకి ఆనించి ఆమె సైకిలు ఉంది. హ్యాండిల్‌కి సంచీ వేలాడుతోంది. మనిషి లేదు.

నీళ్ళ వైపు చూడలేకపోయాను. చూడకుండా ఉండలేకపోయాను. కవాతు మైదానం ఆ చివరిదాకా వినపడే గొంతు నాదే గానీ, ప్రభువా అనో దేవుడా అనో ఏడుస్తూ పేరు పెట్టి పిలిచింది జోడీ పిల్లే.

కట్ట కింద రేవు మెట్ల మీది నుంచి ఆమె లేచి నిలబడింది. ఆదివారం చీరకట్టు చెదరలేదు. చేతిలో సగం తిన్న జామకాయ. నన్ను చూసి కంగారుపడి, "సార్, ఇవాళ ఆదివారం కదండీ, ప్రాక్టీసు పెట్టారా?" అంది.

"ఫోనేదీ?"

"నిన్ననే ఆపేశాను సార్, మీరు చెప్పారుగా. రేపటి ఫలితాల గురించే రూములో అందరి ఫోన్లూ మోగుతున్నాయండీ. ఎక్కడ చెవిన పడుద్దోనని ఇక్కడికొచ్చి కూర్చున్నాను."

ముందు ప్రాణం లేచొచ్చింది. వెనకాలే చెప్పలేనంత కోపం వచ్చింది. అరవబోయి ఆగిపోయాను. ఆ నియమాన్ని పాటించేవాళ్ళు ఉంటారని, దాన్ని పెట్టిన నేనే ఏనాడూ నమ్మలేదు. ఈ పిల్ల నమ్మింది. లోకమంతటికీ తెలిసిన సంగతి ఆమెకి ఇంకా తెలియదు. దాన్ని నేనే చెప్పాలి, అదీ నీళ్ళు ఇంత వడిగా పోతున్న కాలువ పక్కన. భయం మళ్ళీ మొదటికొచ్చింది.

మెట్లు దిగి ఆమెకీ నీళ్ళకీ మధ్య కూర్చున్నాను. జోడీ పిల్ల వైపు తిరిగి, "అమ్మా, ఆ కొట్టులో మూడు టీలు పట్టుకురా" అన్నాను.

టీ అన్న మాటకి ఆ అమ్మాయి మొహం మారిపోయింది. జామకాయ పక్కన పెట్టి, చెప్పకుండానే నా పక్కన కూర్చుంది. జోడీ టీలు తెచ్చి అటుపక్క కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె కప్పులోకే చూస్తూ, ఊదుకుంటూ సగం తాగింది.

"ఇప్పుడు చెప్పండి సార్."

చెప్పాను. నాన్న బస్సులో వస్తున్నాడని, ఉద్యోగం గురించి కాదు, నీ గురించే అడిగాడని కూడా చెప్పాను. ఆమె జోడీ భుజం మీద తల ఆనించి ఏడ్చింది.

నా కప్పు అలాగే నిండుగా ఉంది. కప్పు పక్కకి ఒరిగి టీ వేళ్ళ మీద ఒలికిపోతోందని నాకు తెలియనే లేదు. ఏడుపు మధ్యలోనే ఆమె చెయ్యి చాచి ఆ కప్పు తీసుకుంది.

"చెయ్యి కాలుద్ది సార్" అని దాన్ని మెట్టు మీద పెట్టి, ఫోన్ ఆన్ చేసి వాళ్ళ నాన్నకి కలిపింది.