ఉమ్మెత్తకు పెట్టిన కొత్త పేరు

తోటలో బోర్డులు రాసే ఆయనకు అసలు పేరు ఒకటుండేది గానీ, అందరూ అర్థాల మామ అనే పిలిచేవారు. ముప్ఫై ఏళ్ళుగా మొక్కల పక్కన పాతే రేకుల మీద పేర్లు రాయడం ఆయన పని. రాసి ఊరుకుంటే అర్థాల మామ ఎలా అవుతాడు? దారిన పోయేవాణ్ణి ఆపి మరీ అర్థం చెప్పేవాడు. ఇంట్లో ఆ సోదిని చెవులప్పగించి వినేది మనవరాలొక్కతే.

"పేరు ఊరికే పెట్టరమ్మా. దేంతో ఏం చెయ్యాలో పేరే చెప్తుంది," అనేవాడు. ఆ మాటే చివరికి ఆయన మెడకు చుట్టుకుంది.

కొత్త ఆఫీసరు ఓ రోజు ఉమ్మెత్త దగ్గర ఆగి ముఖం చిట్లించాడు.

"ఇదేం మొరటు పేరయ్యా? వచ్చేవాళ్ళకి ఇంపుగా ఉండొద్దూ? వెన్నెల బూర అని రాయి."

"అయ్యా, ఉన్మత్త అన్న మాటే నోళ్ళలో నలిగి ఉమ్మెత్త అయింది. అంటే పిచ్చి. తింటే మతి పోతుందని పెద్దవాళ్ళు పేరులోనే చెప్పిపెట్టారు. విషమండీ."

"ఇక్కడెవరు తింటారు? రాయవయ్యా."

మామకు భయం వేసింది. రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది, ఆ భయం ఈ భయాన్ని మింగేసింది. కుంచె ముంచాడు. అక్షరాలు ఎన్నడూ లేనంత ముద్దుగా వచ్చాయి.

ఆదివారం మధ్యాహ్నం కూతురు ఫోను చేసింది. పిల్లను తోటకు తీసుకెళ్ళిందట, ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారట. మామ చెప్పులు కూడా మరిచి పరుగెత్తాడు.

మంచం మీద పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. కంటిపాపలు పెద్దవై కళ్ళంతా నిండిపోయాయి. గాలిలోంచి ఏవో ఏరి ఒళ్ళో వేసుకుంటోంది.

"ఏం మొక్కమ్మా అది? త్వరగా చెప్పండి," అంటోంది డాక్టరమ్మ.

"వెన్నెల బూరండీ, బోర్డు మీద అదే ఉంది," అంది కూతురు. "బూరంటే ఊదాలి కదా, పేరే చెప్తుందని తాతయ్య అన్నాడుగా అంటూ పువ్వు నోట్లో పెట్టుకుంది. నేను చూసేలోపు నాలుగైదు నమిలేసింది."

"అలాంటి పేరు నేనెప్పుడూ వినలేదే!"

మామ ముందుకొచ్చాడు. మంచం పట్టె పట్టుకుని, "ఉమ్మెత్తండీ," అన్నాడు. "బోర్డు రాసింది నేనే."

డాక్టరమ్మ నర్సును కేకేస్తూ పరుగెత్తింది. ఈసారి అర్థం చెప్పాల్సిన పని పడలేదు.

పిల్ల ఏరడం ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరు నువ్వు?" అంది.