అత్తగారి జాన

తుపాను బలహీనపడిందని ఈ ఉదయం ఫోన్‌లో వార్త వచ్చింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

అప్పట్లో చిలకలగూడలో అద్దెకుండేవాళ్లం. ఎవరిని చూసినా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులు. నేనూ ఒక కంప్యూటర్ ఆఫీసులో చేరి, లోకంలో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ని. మా ఆవిడ పురిటికని అత్తగారు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చారు. పడవని వదిలి రాలేక మామగారు పల్లెలోనే ఉండిపోయారు. అత్తగారికి టేపుతో పనిలేదు. మల్లెదండైనా, చేపైనా, పుట్టిన మనవరాలి పొడవైనా జానతోనే కొలిచేవారు.

తుపాను వస్తోందంటే ఆఫీసులో ఉపగ్రహం తీసిన మేఘాల బొమ్మ ఒకటి ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. అది తీరం దాటేది వాళ్ల పల్లెకు చాలా దూరంలో, పైగా గాలి వేగం తగ్గింది. చిన్న తుపానే అని తేల్చేశాను. అత్తగారు ఆ కాగితం మీద జాన పరిచారు. శ్రీకాకుళం తీరమంతా అందులో ఇమిడింది గానీ, మేఘం రెండు వైపులా ఇంకా మిగిలింది.

"సిన్నదంతావేటి బాబూ? నా జానకే అందట్నేదు. ఇంత ఎడల్పున్నది, గాలి నేకపోయినా సముద్రాన్ని తోసుకొచ్చేస్తాది. మీ మావని బడి మెట్టకి ఎల్లిపొమ్మను."

"పరేషాన్ గాకమ్మా, కంప్యూటర్ అబద్ధం చెప్తదా?" అంది మా ఇంటి ఓనరమ్మ.

నేను నవ్వి, పల్లెలో ఉన్న ఒకే ఒక్క టెలిఫోన్ బూత్‌కి ఫోన్ చేసి, మామగారిని పిలిపించి ఇంట్లోనే ఉండమన్నాను. అప్పటికే మూట కట్టుకున్న మనిషి, చదువుకున్న అల్లుడి మాట కదా అని దాన్ని విప్పేశారట.

గాలి నిజంగానే పెద్దగా లేదు. వేగం చూశాను గానీ వెడల్పు చూడలేదు నేను. అంత పెద్దది దాటిపోవడానికి రెండు రోజులు పట్టింది, అంతసేపూ నీళ్లను ఒడ్డుకి నెడుతూనే ఉంది. సముద్రం ఇళ్లలోకొచ్చింది. రైళ్లు ఆగిపోయాయి. పల్లెకి వెళ్దామని సికింద్రాబాద్ స్టేషన్ బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అత్తగారు, బండి ఎప్పుడని నన్ను కాక, దారినపోయే కూలీలని అడిగారు.

మామగారు కొబ్బరిచెట్టుని పట్టుకుని బతికారు. పడవ ముక్కలైంది. మా దగ్గరికి వచ్చేశాక, అల్లుడింట ఊరికే కూర్చోనంటూ ఆయన మల్కాజ్‌గిరిలో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా చేరారు. నీళ్ల ట్యాంకరు తప్ప నీళ్ల జాడ లేని ఆ వీధిలో, రోజూ గేటు తీసే ముందు తలెత్తి గాలి ఎటుందో చూసుకునేవారు.

ఈ ఉదయం వార్తలోని మేఘం బొమ్మ మీద జాన పెట్టబోయాను. ఫోనే నా వేళ్ల కింద కనబడకుండా పోయింది, మేఘం వెడల్పెంతో తెలియలేదు. అత్తామామలిద్దరూ ఇప్పుడు లేరు. నాకు అప్పటి అత్తగారి వయసొచ్చింది. ఆవిడ చెప్పింది వినడానికి నాకిన్నేళ్లు పట్టింది.